అక్కను కొంగను చేశాను, అక్క మాట్లాడటం మానేసింది

పేరు, ఊరు వెయ్యొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి విషయం నా మాటల్లో చెబుతున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. పుట్టిల్లు గుంటూరు వైపు పల్లె. ముగ్గురు ఆడపిల్లల్లో నడిమి పిల్ల. పెద్దక్క ఇంటర్‌తో చదువు ఆపేసి పెళ్ళి చేసుకుంది. ఆ మిగిలిన డబ్బుతోనే ఈమె డిగ్రీ అయింది. చెల్లెలు అమెరికాలో ఉంది. రెండేళ్ళుగా ఈమె ఫోన్లో చదువుకునే ఒక యాప్‌లో వారం వారం ఒక ఫాంటసీ నవల రాస్తున్నారు. ఒక వంశంలో ఆడపిల్లలు పెద్దమనిషి అయి మూల కూర్చున్నప్పుడు, ఆ తాటాకు చాప మీదే ఒక్కొక్కరికి ఒక్కో రూపం దక్కుతుంది. పెద్దదానికి కొంగ, రెండోదానికి చింతచెట్టు, చిన్నదానికి ముంగిస. ఆ విద్యకు ఒక నియమం ఉంది. ఎవరికి వారు మారలేరు. ఒకరి రూపం మారాలంటే మిగతా ఇద్దరూ ఆమె చేతులు పట్టుకోవాలి, ఆమె తన నోటితో సరేననాలి.

ముప్ఫయ్యో భాగంలో పెద్దదాని మొగుడు ఎర్రగా కాలిన అట్లకాడ ఆమె ముంజేతికి అంటిస్తాడు. ఆ మచ్చలోంచే మొదటి ఈక మొలుస్తుంది. తెల్లారకముందే, పక్కలో నిద్రపోతున్న కూతురిని వదిలి ఆమె కొంగై చెరువు దాటి వెళ్ళిపోతుంది. ఆ భాగానికి వచ్చినంత స్పందన మరి దేనికీ రాలేదట. ఒక ప్రచురణకర్త పుస్తకంగా వేద్దామన్నాడు. ఖర్చులో సగం ఈమెది. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి తేవాలని ఆలోచన.

చిక్కేమిటంటే, ఆ మచ్చ నిజమైనది. పెద్దక్క చేతి మీద ఉంది. రెండో కానుపుకి పుట్టింటికి వచ్చినప్పుడు ఒక రాత్రి మేడ మీద పడుకుని అక్క ఈమెకి ఒక్కదానికే ఆ సంగతి చెప్పింది, ఎవరికీ చెప్పకే అంది. తల్లి ఇన్నాళ్ళూ అది నూనె చింది కాలిన మచ్చే అనుకుంది. బావకి ఎరువుల కొట్టు ఉంది. కొట్టుకి వచ్చిన వాళ్ళెవరో ఆ భాగం అతనికి చదివి వినిపించారు. అతను ఫోన్ చేసి, "నన్ను రాక్షసుణ్ణి చేశావంట కదా మరదలా, సినిమా తీస్తే నా వేషం ఎవరికిస్తావు?" అని నవ్వాడు. రెండు రోజులకి అక్క దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఈకలు బాగా రాశావే. ఈకలు నీవి. కింద చెయ్యి మాత్రం నాది." అంతే. ఆ తరవాత ఫోన్ తియ్యడం లేదు.

తల్లి ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టమంటోంది. చెల్లెలు వేసెయ్యమంటోంది, అక్క ఇప్పటికైనా కళ్ళు తెరుస్తుంది అంటోంది. భర్త నీ ఇష్టం అన్నాడు. అక్క ఇప్పుడు కొట్టు లెక్కలన్నీ తనే చూస్తుందని, బావ చెయ్యెత్తి ఆరేళ్ళయిందని అంటుందని ఉత్తరం మధ్యలో ఒక వాక్యం ఉంది. చివర సంతకం కింద ఇంకో వాక్యం: అక్క కూతురు, పద్నాలుగేళ్ళది, స్నేహితురాలి ఫోన్లో ఈ నవల చదువుతోందట. "పిన్నీ, ఆ అమ్మ తరవాతి భాగంలో తిరిగొస్తుందా?" అని అడిగిందట. ముచ్చటేసింది అని రాశారు.

ఆమె ప్రశ్న ఇది: "అక్క బాధని నేను చులకన చెయ్యలేదు. అందంగా రాశాను. ఆమెకి రెక్కలిచ్చాను. నేను చేసిన తప్పేమిటి? పుస్తకం వెయ్యనా, మానెయ్యనా?"

మీరు అడిగినదానికి వస్తాను. కానీ మీరు అడగనిది ఒకటుంది, అది ముందు.

మీ బావ నవ్వుతూ మాట్లాడాడని రాశారు. అతను నవ్విన రెండు రోజులకి అక్క మెసేజ్ వచ్చింది, తరవాత ఫోన్ ఆగిపోయింది. ఆ రెండు రోజుల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. ఏమీ జరగకపోయి ఉండొచ్చు. అక్క మీ మీద కోపంతో ఫోన్ తియ్యకపోవడం వేరు, తియ్యలేకపోవడం వేరు. ఇంకో సంగతి గమనించారా? ఆ భాగం వినడం వల్ల మీ బావకి కొత్తగా తెలిసింది మచ్చ గురించి కాదు, అది అతని చేతి పనే. మీ అక్క పుట్టింట్లో ఆ మాట చెప్పిందన్న సంగతి కొత్తగా తెలిసింది. ఇన్నేళ్ళు ఆమె నోరు విప్పలేదనుకున్నాడు. విప్పిందని మీ నవల చెప్పింది. ఇలాంటి మనుషులకి తాము చేసినదాని కంటే అది బయటికి పొక్కడం మీదే ఎక్కువ కోపం వస్తుంది.

కాబట్టి మొదటి పని, ఎవరో ఒకరు వెళ్ళి ఆమెను కళ్ళతో చూసి రావాలి. మీరు వెళ్తే నవల గొడవ అవుతుంది. అమ్మ వెళ్ళొచ్చు. పిల్లలకి జంతికలు పట్టుకొచ్చానని వెళ్తే ఎవరూ అడ్డుచెప్పరు. అమ్మతో ముందే చెప్పండి: పుస్తకం ఊసెత్తొద్దు, అక్కతో ఓ అరగంట ఒంటరిగా ఉండు, ఎలా ఉన్నావని అడుగు. అక్కడ పరిస్థితి బాగాలేదని తేలితే ఈ ఉత్తరంలో మిగతాదంతా పక్కన పెట్టెయ్యండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఎప్పుడైనా పలుకుతుంది, వాళ్ళు దగ్గర్లోని రక్షణ అధికారితో కలుపుతారు. గృహహింస చట్టం గురించి మీ చెల్లెలికి చెప్పాల్సింది కూడా ఉంది, తరవాత చెబుతాను.

అమ్మ చూసొచ్చి బాగానే ఉంది, నీ మీదే మండిపోతోంది అంటే ఇక్కడినుంచి చదవండి.

మీరు పంపిన భాగాలు చదివాను. చిమ్మిలి ఉండలు తింటూ, పేరంటాళ్ళ పాటలు వింటూ, ఆ పిల్ల తన వీపు ఎముకలు కదులుతున్న చప్పుడు వినే చోట నేను ఆగిపోయాను. మన కథల్లో ఆడదాని రూపం మారటం కొత్తేమీ కాదు. అయితే మార్చేది ఎప్పుడూ ఇంకొకరు. బాలనాగమ్మను మాయల ఫకీరు కుక్కను చేసి వెంట తీసుకుపోతాడు. అహల్యకు శాపమిచ్చింది మొగుడు. వాల్మీకి ఆమెను రాయిని కూడా చెయ్యలేదు, గాలే ఆహారంగా బూడిదలో పడి ఎవరికీ కనబడకుండా ఉండమని గౌతముడితో అనిపించాడు. రాయిని చేసింది తరవాతి కథకులు. కనబడకుండా బతకమనడం నా మటుకు రాయి కంటే కఠినమైన శిక్ష, ఎందుకంటే అలా బతికేవాళ్ళు మన వీధిలో కూడా ఉంటారు. చచ్చిపోయాక దేవతను చెయ్యడం ఇంకో పద్ధతి. అత్తింట్లో పడరాని పాట్లు పడిందని చెప్పుకునే పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు ఈరోజు తిరునాళ్ళు జరుగుతాయి. బతికి ఉండగా ఒక్కరూ అడ్డం రాని ఆడదానికి పోయాక కొబ్బరికాయలు కొడతాం.

మీ నవల ఈ వరసను తిప్పేసింది. మారే పిల్ల సరేనంటే తప్ప విద్య పనిచెయ్యదన్నారు. తోడబుట్టినవాళ్ళ చేతులు లేకపోతే పనిచెయ్యదన్నారు. ఇది మీ నవలకి గుండెకాయ లాంటి నియమం, ఇంత మంచి ఊహ ఈ మధ్య నేను చూడలేదు. ఆ నియమాన్ని మీ పాత్రలన్నీ పాటించాయి. పాటించనిది మీరు ఒక్కరే. అక్క సరేననకుండా, చెయ్యి ఇవ్వకుండా, ఆమెను మార్చేశారు. ముప్ఫయ్యో భాగంలో మాయల ఫకీరు మీ బావ కాదమ్మా, మీరు.

మాట కటువుగా ఉంది, తెలుసు. రెక్కలిచ్చానని రాశారు కాబట్టి అనాల్సి వచ్చింది.

ఇప్పుడు అక్క కోపం దేని మీదో చూద్దాం. మాట తప్పారన్నది ఉంది. బావకి తెలిసిపోయిందన్నది ఉంది. నూనె మచ్చ కాదని అమ్మకి తెలిసిపోయింది, కూతురి కాపురం బాగుందనుకుంటూ ముసలితనం గడుపుతున్న అమ్మకి. ఇవన్నీ నిజమే కానీ, నా అనుమానం మీ ఉత్తరంలో సంతకం కింద ఉన్న వాక్యం మీద. పద్నాలుగేళ్ళ పిల్ల తల్లి ముంజేతి మీద మచ్చను పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. నవలలో అదే మచ్చ, అదే చెయ్యి. ఆ చేతిగల తల్లి పక్కలో పడుకున్న కూతురిని వదిలి ఎగిరిపోయింది. తిరిగొస్తుందా అని ఆ పిల్ల మిమ్మల్ని అడిగింది కథ గురించి అనుకుంటున్నారా? మిమ్మల్ని అడగకముందు వాళ్ళమ్మను ఏమడిగి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. అక్క ఇన్నేళ్ళు ఎవరికోసం ఎగరకుండా ఉందో ఆ పిల్లకే, అమ్మ ఎగిరిపోతుందేమోనన్న భయం మీ నవల నుంచి చేరింది. చెయ్యి నాది అన్న మాటలో ఇది కూడా ఉందేమో చూడండి. నేను పొరపడి ఉండొచ్చు. కానీ అక్కతో మాట్లాడే రోజు వస్తే మచ్చ దగ్గర మొదలుపెట్టకుండా పిల్ల దగ్గర మొదలుపెట్టండి.

పిల్లకి మీరే జవాబు చెప్పెయ్యకండి. అది కథేరా అని కొట్టిపారేస్తే నమ్మదు, నిజం చెప్పే హక్కు మీకు లేదు. "మీ అమ్మతో మాట్లాడి చెబుతా" అనండి. పద్నాలుగేళ్ళ వాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది.

మీ ముగ్గురి కథ చదువుతుంటే నాకు కాశీరాజు కూతుళ్ళు గుర్తొచ్చారు. అంబ, అంబిక, అంబాలిక. స్వయంవరం నుంచి భీష్ముడు ముగ్గుర్నీ రథమెక్కించుకుని తెచ్చాడు. అంబ ఒప్పుకోలేదు. తను కోరుకున్న సాళ్వుడు పొమ్మన్నాడు, భీష్ముడు చేసుకోనన్నాడు, తపస్సు చేసింది, నిప్పుల్లో దూకింది, ద్రుపదుడి ఇంట పుట్టి, స్థూణాకర్ణుడనే యక్షుడి దగ్గర మగరూపం పుచ్చుకుని, చివరికి భీష్ముడి ముందు శిఖండిగా నిలబడింది. ఆడది తన పంతంతో రూపం మార్చుకున్న కథ అంటే మనకి అదే. నాటకాలు, పద్యాలు, ఈమధ్య స్త్రీవాద కథలు, అన్నీ అంబ మీదే.

హస్తినలో ఉండిపోయిన ఇద్దరినీ అడిగినవాళ్ళు తక్కువ. మొగుడు పోయాడు, వంశం నిలవాలని అత్త సత్యవతి వ్యాసుణ్ణి గదిలోకి పంపింది. అంబిక కళ్ళు మూసుకుంది. అంబాలిక పాలిపోయింది. రెండోసారి వెళ్ళమన్నప్పుడు అంబిక ఏం చేసిందో చూడండి: కాదనలేదు, తన నగలన్నీ దాసికి పెట్టి ఆమెను పంపింది. తపస్సు లేదు, యక్షుడు లేడు. ఉన్న నగలతో, ఉన్న ఇంట్లో, ఆ రాత్రికి తనను తాను తప్పించుకుంది. గొప్ప పని అనను. దాని ఖరీదు ఇంకో ఆడది, నోరులేని ఆడది కట్టింది. కానీ అది కూడా ఎదురు తిరగడమే. మహాభారతం దాన్ని రెండు శ్లోకాల్లో చెప్పి విదురుడి పుట్టుకలోకి వెళ్ళిపోయింది.

మీ అక్క అంబిక వైపు మనిషి. బావ చెయ్యెత్తి ఆరేళ్ళయిందని మీరు ఒక వాక్యంలో దాటేశారు. నేను దాటలేకపోయాను. ఆరేళ్ళ కిందట ఏం జరిగింది? చెయ్యి చేసుకునే మొగుడు ఊరికే మానడు. కొట్టు లెక్కలు ఆమె చేతికి ఎప్పుడొచ్చాయి, ఎలా వచ్చాయి? లెక్కలు ముందొచ్చి చెయ్యి తరవాత ఆగిందా, చెయ్యి ఆగాక లెక్కలు వచ్చాయా? ఎవరైనా పెద్దమనిషి మధ్యలో వచ్చాడా, ఆమే ఏదైనా అందా? లేక ఆగలేదేమో, ఆగిందని మీకు చెబుతోందేమో. ఇది కూడా కావచ్చు, మర్చిపోకండి. మీకేదీ తెలియదు. అక్క జీవితంలో మీకు తెలిసినది ఒక్క రాత్రి, మేడ మీద, మీరు చదువుకునే వయసులో విన్నది. ఆ ఒక్క రాత్రి మీద ఒక పాత్రను నిలబెట్టారు. అందుకే ఆ పాత్రకి ఎగిరిపోవడం తప్ప ఇంకో పని దొరకలేదు.

ఇక మీ ప్రశ్న. వెయ్యడం, మానెయ్యడం రెండే దారులన్నట్టు రాశారు. నాకు ఇంకొన్ని కనిపిస్తున్నాయి. ఏదీ ఖర్చులేనిది కాదు.

ఉన్నదున్నట్టు వెయ్యొచ్చు. మీ నవల, మీ రెండేళ్ళ కష్టం. చట్టం అడ్డొస్తుందేమోనని భయపడ్డారు కాబట్టి చెబుతాను: పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఉంది, 2024 జులై నుంచి. పేరు మార్చినంత మాత్రాన, మొదటి పేజీలో అంతా కల్పితం అని వేసినంత మాత్రాన రక్షణ దొరకదు. తెలిసినవాళ్ళు ఇది ఫలానా అని గుర్తుపడితే ఆ మనిషి కేసు వెయ్యగలడు. మీ బావ వేస్తాడని నేననుకోను, వేస్తే అట్లకాడ సంగతి కోర్టులో చెప్పుకోవాల్సి వస్తుంది. అసలు నష్టం కోర్టు బయట ఉంది. యాప్‌లో రాసింది కొన్నాళ్ళకి కిందికి జారిపోతుంది. పుస్తకం ఊళ్ళోకొస్తుంది, కొట్టు బల్ల మీద ఎవరో ఒకరు పెడతారు. అక్క మీతో ఎన్నేళ్ళు మాట్లాడదో చెప్పలేం. ఆ ధరకి సిద్ధపడి వేసిన రచయిత్రులు ఉన్నారు, వాళ్ళను నేను తప్పు పట్టను. తెలిసి వెయ్యండి, అంతే.

గుర్తులు చెరిపేసి వెయ్యొచ్చు. కొట్టును తీసేసి ఇంకేదైనా ఉద్యోగం పెట్టొచ్చు, కూతురిని కొడుకును చెయ్యొచ్చు, మచ్చను చేతి మీది నుంచి ఇంకో చోటికి మార్చొచ్చు. దీనివల్ల ఊరి నుంచి, బావ స్నేహితుల నుంచి కొంత కాపుదల వస్తుంది. అక్క దగ్గర మాత్రం ఏమీ మారదు, మచ్చ వీపు మీదికి మార్చినా అది తనదేనని ఆమెకి తెలుసు. ఇంకోటి, ఆ మచ్చలోంచి ఈక మొలిచే పేజీ మీ నవల మొత్తంలో బలమైన పేజీ. మచ్చ చెయ్యి వదిలితే ఆ పేజీ బలం సగం పోతుంది. చదివినదాన్ని కాబట్టి అబద్ధం చెప్పలేను.

అక్కకి ఇచ్చి చదవమనొచ్చు. చాలామంది ఇదే చెబుతారు, నేనూ ఇటే మొగ్గుతాను. కానీ దీనికి ముందు మీరు ఒకటి తేల్చుకోవాలి: ఆమె వద్దంటే ఏం చేస్తారు? వద్దన్నా వేస్తానని లోపల నిశ్చయించుకుని మర్యాద కోసం అడిగితే, అడగకపోవడం కంటే అన్యాయం. వద్దంటే ఆపుతాను అనుకోగలిగితేనే అడగండి. లేదా ముందే హద్దు గీసి చెప్పండి: నవల వేస్తానక్కా, మచ్చ, పిల్ల, ఆ రాత్రి, ఈ మూడిట్లో ఏది తియ్యమంటే అది తీస్తాను. అది నిజాయితీగా ఉంటుంది. వాట్సాప్‌లో పంపకండి, ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. కాగితాల మీద అచ్చు తీసి పుట్టింట్లో ఇవ్వండి. పక్కన అమ్మ ఉండకూడదు, వీడియో కాల్లో చెల్లెలు అసలే ఉండకూడదు. డిసెంబరు గడువు ఊసు ఎత్తకండి. ఆమె చదవకుండా తిరిగిచ్చేసినా తీసుకోండి.

తిరగరాయొచ్చు కూడా. ఎగరకుండా ఉండిపోయిన అక్క కథ రాయొచ్చు. ఇందులో ఒక గోతి ఉంది, మన తెలుగు రచయితలు తరచూ పడేది. ఉండిపోయిన ఆడదాన్ని ఓర్పుకి దేవతను చేసేస్తాం. అది తిరుపతమ్మ గుడే మళ్ళీ. అక్క మంచితనం రాయకండి. ఆమె లెక్కలు రాయండి, పంతం రాయండి, ఎక్కడ సర్దుకుందో, ఎవరి మీద విసుక్కుందో, ఏ డబ్బు ఎక్కడ దాచిందో రాయండి. ఇవేవీ మీకు తెలియవు కాబట్టి, ఆమె చెబితే తప్ప ఈ దారి లేదు. చెప్పమని బతిమాలితే, మళ్ళీ నవల కోసమే వచ్చావా అంటుంది. నిజానికి అందుకే వెళ్తారు కదా. కొన్నాళ్ళు నవల లేకుండా వెళ్ళి రావాలి.

ఇక్కడ ఒక ముచ్చట. 1905లో బెంగాల్లో రొకియా సఖావత్ హుస్సేన్ ఆడవాళ్ళు ఏలే, మగవాళ్ళు ఘోషాలో కూర్చునే రాజ్యం గురించి ఒక కలలాంటి కథ రాసింది. అది అచ్చయింది మద్రాసులో, కమలా సత్యనాథన్ నడిపిన స్త్రీల పత్రికలో. రొకియాకి ఒక అక్క ఉంది, కరీమున్నీసా. బెంగాలీ చదువుకోవాలని తపించిన ఆ పిల్లను ఇంట్లో వాళ్ళు చదువు మాన్పించి తొందరగా పెళ్ళి చేశారు. చెల్లెలు రచయిత్రి అయ్యాక తనకి బెంగాలీ అబ్బడం వెనక అక్క ఉందని చెప్పుకుంది, ఒక పుస్తకం ఆమెకే అంకితమిచ్చింది. మీ డిగ్రీ ఏ డబ్బుతో అయిందో మీరే రాశారు. నవలలో చింతచెట్టు, అంటే మీరే అనుకుంటున్నాను, ఎవరి నీళ్ళు తాగి పెరిగిందో ఎక్కడా లేదు. అంకితం పేజీ ఒకటి చేర్చమనడం లేదు నేను, ఇప్పుడు అది పుండు మీద కారం అవుతుంది. కథలో ఆ ముక్క లేకపోవడం అక్క కంట పడి ఉంటుందని మాత్రం అంటున్నాను.

ఆగొచ్చు. డిసెంబరు దాటితే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, అదీ దాటితే వచ్చే ఏడు మళ్ళీ డిసెంబరు. ప్రచురణకర్త ఉత్సాహం చల్లారొచ్చు, ఆ నష్టం ఉంది. సగం ఖర్చు మీదే కాబట్టి అతను మరీ తొందరపెట్టే స్థితిలో లేడు. ఈలోగా రెండు కాగితాలు చదువుకోండి. యాప్ వాళ్ళ ఒప్పందంలో పుస్తకం హక్కులు మీకున్నాయో, మీరు సరే నొక్కినప్పుడే పోయాయో చూడండి. ప్రచురణకర్త కాగితంలో ఎన్నేళ్ళకి, ఏ రూపాలకి హక్కులిస్తున్నారో రాయించుకోండి. కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం అయిదేళ్ళుగా లెక్కేస్తారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సినిమా, ఆడియో హక్కులు విడిగా ఉంచుకోండి. నోటిమాట మీద పనులు జరిగిపోయే రంగం ఇది, ఇలాంటి నవలకి అస్సలు పనికిరాదు.

యాప్‌లో ఉన్న ముప్ఫయ్యో భాగాన్ని ఇప్పుడే తీసెయ్యనా అని అడుగుతారేమో. నేనైతే తొందరపడను. ఉన్నట్టుండి మాయమైతే, నిజం కాబట్టే తీసేసిందని బావకి, ఊరికి మీరే చెప్పినట్టవుతుంది. అక్క తియ్యమంటే మాత్రం ఆ నిమిషమే తియ్యండి. కొత్త భాగాలు కొన్ని వారాలు ఆపితే ఎవరికీ అనుమానం రాదు, బ్యాంకులో పని ఎక్కువైందని పాఠకులకి చెప్పొచ్చు. బావ మళ్ళీ ఫోన్ చేసి వేళాకోళమాడితే వాదించకండి, వివరణ ఇవ్వకండి, ముఖ్యంగా అక్కేమీ చెప్పలేదు అని ఒట్టు పెట్టకండి. "కథ బావా, నచ్చలేదా?" అని వేరే మాటలోకి వెళ్ళిపోండి.

చెల్లెలి సంగతి మిగిలింది. అక్క కళ్ళు తెరుస్తుంది అంటోంది ఆవిడ. అక్క కళ్ళు మూసుకుని ఉందని ఎవరన్నారు? దూరంగా ఉన్నవాళ్ళకి బయటికొచ్చెయ్యడం ఒక్కటే ధైర్యంగా కనిపిస్తుంది, మీ నవల కూడా అదే ఒప్పుకుంది. చట్టం అలా అనుకోవడం లేదు. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. రక్షణ ఉత్తర్వు, డబ్బు ఉత్తర్వు అక్కడ ఉంటూనే అడగొచ్చు. 19వ సెక్షన్ కింద అవసరమైతే ఇల్లు వదిలి పొమ్మని మెజిస్ట్రేటు మొగుడికే చెప్పగలడు. ఈ సంగతి చెల్లెలికి చెప్పి, డాలర్లలో కొంత అక్క పేరున విడిగా ఖాతాలో వెయ్యమనండి. బ్యాంకు పని మీకు తెలిసిందే. ఆ ఖాతా వివరాలు ఆ ఇంటి చిరునామాకి పోస్టులో రాకుండా చూడండి. ఆ డబ్బుతో అక్క ఎగురుతుందో, కొట్టులో వాటా కొంటుందో, కూతురిని ఇంజనీరింగ్‌లో చేర్పిస్తుందో, మీరిద్దరూ అడగొద్దు.